పంట్లో ఏం పెట్టారని కాదు, ఎలా పెట్టారని అడగండి

మా ఆర్.కె. పురం పార్కులో సాయంత్రం పూట నాతో పాటు నడిచే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. కాకినాడ వైపు వారు, నాలాగే కేంద్ర ప్రభుత్వంలో చేసి రిటైరయ్యారు. మొన్నొక రోజు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఏవండీ రావుగారూ, పంట్లో వెండి సిమెంటు ఉంటే అందులోంచి పాదరసం ఒంట్లోకి దిగుతుందట. వెంటనే తీయించేసి తెల్ల సిమెంటు వేయించుకోమంటున్నారు. మీరు హేతువాదులు కదా, ఇది నిజమేనా?" అని అడిగారు.

మామూలుగా అయితే నవ్వి కొట్టిపారేసేవాణ్ణి. ఈసారి నోరు రాలేదు. ఎందుకంటే 2009లో సరిగ్గా ఇలాంటి కబురే నమ్మి నేనొక దవడ పన్ను పోగొట్టుకున్నాను. అప్పటికే హేతువాద సంఘంలో సభ్యుణ్ణి కూడా! ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ సిమెంటుల చరిత్ర కాస్త చూద్దాం. నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి, రక్షణశాఖ లెక్కల విభాగంలో ముప్ఫయ్యేడేళ్ళు బిల్లులు తనిఖీ చేసినవాణ్ణి. కాబట్టి ఇది వైద్య సలహా కాదు, ఒక ఆడిటరు చేసిన తనిఖీ అనుకోండి.

పురుగు కథ

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, బాపట్ల దగ్గర మా ఊళ్ళో, పన్ను పుచ్చి రాత్రంతా ఏడ్చాను. పొద్దున్నే మా అమ్మ పంటిపురుగు తీసే ఆవిడ దగ్గరకి తీసుకెళ్ళింది. ఆవిడ ఒక ఇనప గరిటె ఎర్రగా కాల్చి, దాని మీద వాకుడు గింజలు వేసి, పైన గరాటు బోర్లించి ఆ పొగ నా నోట్లోకి పట్టించింది. కింద నీళ్ళ పళ్ళెం ఉంది. కాసేపటికి ఆ నీళ్ళలో సన్నటి తెల్లటి పురుగులు తేలాయి. అమ్మ సంతోషించి మానెడు బియ్యం ఇచ్చింది. రెండు రోజులు నొప్పి తగ్గింది, మూడో రోజు మళ్ళీ వచ్చింది. పంటినొప్పి ఆగి ఆగి రావడం దాని సహజ గుణమని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఈ నమ్మకం మన పల్లెటూళ్ళది మాత్రమే అనుకుంటే పొరపాటు. బాబిలోనియా మట్టి పలకల మీద పంటిపురుగు పుట్టుక గురించి మంత్రం ఉంది. సుశ్రుత సంహితలో పుచ్చు పంటికి పేరే కృమిదంతం. యూరప్‌లో వాకుడు బదులు ఖురాసానీ వాము గింజలు కాల్చేవారు, తతంగం మాత్రం అదే. 1757లో జర్మనీకి చెందిన జాకబ్ క్రిస్టియన్ షెఫర్ అనే ప్రకృతి పరిశీలకుడు ఈ పురుగుల గుట్టు బయటపెట్టాడు. వేడికి గింజ పగిలి లోపలున్న మొలక బయటపడుతుంది, చూడ్డానికి అచ్చం పురుగులా ఉంటుంది. అంతే సంగతి. అంతకు ముందే, 1728లో, ఆధునిక దంతవైద్యానికి ఆద్యుడనదగిన ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ తన గ్రంథంలో పురుగు సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. భూతద్దంతో వెతికినా తనకి పురుగు కనబడలేదన్నాడు.

మరి పన్ను ఎందుకు పుచ్చుతుంది? దీనికి 1890లో డబ్ల్యు.డి. మిల్లర్ జవాబు చెప్పాడు. నోట్లోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండి పదార్థాన్నీ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరని కరిగిస్తుంది. ఈ జవాబులోనే మన అసలు విషయం ఉంది. పురుగే కారణమైతే దాన్ని చంపే మందేదో పెడితే సరిపోయేది. సూక్ష్మజీవులూ ఆమ్లమూ కారణమైనప్పుడు, గుంటలో పెట్టినది ఏదైనా సరే, దానికీ పంటికీ మధ్య సందు ఉండకూడదు. సందు ఉంటే లోపల మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. అంటే పెట్టిన వస్తువు ఎంత ముఖ్యమో, పెట్టిన తీరూ అంత ముఖ్యమే.

"ఇవన్నీ మన పూర్వీకులకి ఎప్పుడో తెలుసు" అనే మిత్రులకి ఒక మాట. ఇప్పటి పాకిస్తాన్ బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ళ కిందటి శ్మశానంలో తొమ్మిదిమంది దవడల్లో తొలిచిన పళ్ళు పదకొండు దొరికాయని 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. నిజంగా గొప్ప నైపుణ్యమే. అయితే ఆ గుంటల్లో నింపిన పదార్థమేదీ దొరకలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పుకుంటే చాలు, లేనిదాన్ని కలపనక్కర్లేదు.

వెండి ముద్ద మీద యుద్ధం

ఇప్పుడు న్యూయార్కు వెళ్దాం. 1833లో క్రాకూర్ సోదరులనేవాళ్ళు అక్కడ దిగి, రాజఠీవి గల పేరొకటి పెట్టి ఒక కొత్త సరుకు అమ్మడం మొదలెట్టారు. సరుకు ఏమిటంటే, వెండి నాణేల రజను పాదరసంతో కలిపిన ముద్ద. దీన్నే అమాల్గం అంటారు. మన వెండి సిమెంటుకి ముత్తాత. అప్పటిదాకా పేరున్న దంతవైద్యులు బంగారు రేకుని గంటల తరబడి కూరి పన్ను నింపేవారు. అది డబ్బున్నవాళ్ళ వైద్యం. క్రాకూర్లు మాత్రం నిమిషాల్లో పని ముగించేవారు. ఎందుకంటే చాలాసార్లు పుచ్చు గీకకుండానే ముద్దని దాని మీద అదిమేసేవారు! కొన్నాళ్ళకి లోపల పుచ్చు పెరిగి పళ్ళు పోయాయి, ముద్ద ఉబ్బి కొన్ని పళ్ళు పగిలాయి. ఈలోగా అన్నదమ్ములు డబ్బు చేసుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ న్యాయంగా అడగాల్సిన ప్రశ్న ఏమిటి? తప్పు ముద్దదా, పెట్టిన చేతిదా అని. కానీ 1840లో ఏర్పడ్డ అమెరికన్ దంతవైద్యుల సంఘం ఆ ప్రశ్న వేయలేదు. అమాల్గం వాడటమే వృత్తికి ద్రోహమని 1840లలో తీర్మానించింది. సభ్యులంతా వాడమని ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం చేయాలంది. చేయనివారిని బయటికి పంపింది. చివరికి ఆ గొడవల్లోనే బలహీనపడి 1856లో సంఘం మూతబడింది. ప్రయోగం చేసి తేల్చాల్సిన విషయాన్ని ప్రతిజ్ఞ పట్టి తేల్చబోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. మతాచార్యులు చేస్తే మనం వెంటనే పసిగడతాం. చదువుకున్న డాక్టర్లు చేస్తే అదే పని శాస్త్రంలా కనబడుతుంది!

కొలిచిన మనుషులు

ఈ గోలలో లేని ఇద్దరు ముగ్గురు నిశ్శబ్దంగా అసలు పని చేశారు. మొదటివాడు శాన్‌ఫర్డ్ బార్నమ్. న్యూయార్కు రాష్ట్రంలో చిన్న ఊరి డాక్టరు. 1864లో ఒక రోగి కింది దవడ పంట్లో బంగారం నింపుతుంటే ఉమ్మి ఊరి ఊరి పని చెడుతోంది. విసుగొచ్చి ఒక రబ్బరు గుడ్డకి చిల్లు పొడిచి, దాన్ని పంటి మీదుగా కిందికి దించాడు. పన్ను ఒక్కటే పైకి కనబడుతుంది, మిగతా నోరంతా తెర కింద. ఉమ్మి ఆగిపోయింది. దాన్నే రబ్బరు డ్యామ్ అంటారు. బార్నమ్ దాని మీద లాభం చూసుకోకుండా వృత్తి మొత్తానికీ ఉచితంగా ఇచ్చేశాడు.

రెండోవాడు గ్రీన్ వార్డిమన్ బ్లాక్ (1836-1915). ఇల్లినాయ్ రాష్ట్రం వాడు, బడి చదువు పెద్దగా లేదు. అమాల్గం మంచిదా చెడ్డదా అని వాదించకుండా, ఏ పాళ్ళలో కలిపితే ఎంత కుంచించుకుపోతుంది, ఎంత ఉబ్బుతుంది, ఎంత బరువుకి నలుగుతుంది అని పరికరాలు తయారుచేసుకుని మరీ కొలిచాడు. 1895 ప్రాంతంలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వెండి సుమారు మూడింట రెండు వంతులు, తగరం పావువంతు పైన, కొద్దిగా రాగీ జింకూ ఉంటే ముద్ద నిలకడగా ఉంటుందని తేలింది. గుంటని ఎలా తొలవాలి, గోడలు ఎలా ఉండాలి, ముద్దని ఎలా దట్టించాలి అన్నవాటికి కూడా నియమాలు రాశాడు. యాభై ఏళ్ళ యుద్ధం తేల్చలేనిదాన్ని కొలబద్ద తేల్చింది.

మూడోది మనిషి కాదు, సైన్యం. ఇది చదివినప్పుడు నా ఉద్యోగం గుర్తొచ్చి నవ్వుకున్నాను. 1919లో అమెరికా సైన్యం, తాను కొనే అమాల్గం నాణ్యతని ఎలా నిర్ణయించాలో చెప్పమని అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థని కోరింది. విల్మర్ సౌడర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు బజారులో దొరికే రకాలన్నీ పరీక్షించి చూశాడు. పంటి సామాగ్రికి ప్రమాణాలు రాయడం అలా మొదలైంది. 1928లో ఆ పనిలోకి అమెరికా దంతవైద్య సంఘం అడుగుపెట్టింది. పంటి సిమెంటుకి శాస్త్రీయ ప్రమాణం రావడానికి ఒక కారణం, సైన్యం కొనుగోలు చేసే సరుకుకి లెక్క అడగడం!

మన దేశం సంగతి కూడా చెప్పాలి. 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ తొలి దంతవైద్య కళాశాల పెట్టారు. 1941లో సైన్యంలో దంతవైద్య దళం ఏర్పడింది. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. తెలుగువారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో 1959లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వచ్చింది. అంటే నేను వాకుడు పొగ పట్టించుకునే నాటికి అఫ్జల్‌గంజ్ కాలేజీ ఉంది. మా ఊరికీ దానికీ మధ్య దూరం మాత్రం మైళ్ళలో కొలిచేది కాదు.

అరచేతి చెమట

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకే డబ్బాలోని పొడి, ఒకే సీసాలోని పాదరసం. ఒకరు పెడితే ఇరవై ఏళ్ళుంటుంది, ఇంకొకరు పెడితే రెండేళ్ళలో ఊడుతుంది. ఎందుకని?

పాత రోజుల్లో పొడినీ పాదరసాన్నీ చిన్న రోట్లో నూరి, ఆ ముద్దని అరచేతిలో వేసి బొటనవేలితో మర్దించేవారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. చేతికి చెమట ఉంటుంది. ముద్దలో జింకు ఉంటే, ఆ తడితో కలిసి హైడ్రోజన్ వాయువు పుడుతుంది. పెట్టిన రోజు బాగానే ఉంటుంది. మూడు నాలుగు రోజులయ్యాక లోపల వాయువు ఒత్తిడికి ముద్ద ఉబ్బడం మొదలవుతుంది. పన్ను సలుపుతుంది, ముద్ద గుంటలోంచి పైకి లేస్తుంది. ఉమ్మి తగిలినా ఇదే జరుగుతుంది. రోగి మాత్రం "ఈ సిమెంటు నా ఒంటికి పడలేదు" అనుకుంటాడు.

రెండో చిక్కు పాదరసం పాళ్ళు. ముద్ద మెత్తగా ఉండాలని పాదరసం ఎక్కువ పోసి, తర్వాత గుడ్డలో వేసి పిండేవారు. గట్టిపడ్డాక మిగిలిన పాదరసం 55 శాతం దాటితే దాని బలం ఒక్కసారిగా పడిపోతుంది. 1959లో విల్మర్ ఈమ్స్ అనే అమెరికన్ డాక్టరు, మొదటే పొడీ పాదరసమూ సమానంగా కలిపితే పిండే అవసరమే ఉండదని చూపించాడు. తర్వాత కొలత ప్రకారం నింపిన గొట్టాలూ, కలిపే యంత్రాలూ వచ్చి అరచేతి పని పోయింది.

మూడోది దట్టించడం. మొత్తం ముద్ద ఒకేసారి పెట్టి పైన అదిమితే, అడుగు మూలల్లో గాలి ఉండిపోతుంది. చిన్న చిన్న ముద్దలుగా వేసి, ఒక్కొక్కదాన్నీ గట్టిగా దట్టిస్తూ పోతే మూలలు నిండుతాయి, మిగులు పాదరసం పైకి తేలుతుంది, దాన్ని గీకేయొచ్చు. మన తాపీమేస్త్రీలకి తెలిసిన సంగతే ఇది. కాంక్రీటు పోసి పొడవకపోతే లోపల గుల్లలుంటాయి.

నేను చూసిన వైద్య ఖర్చుల బిల్లుల్లో "ఫిల్లింగ్ ఒకటి" అని ఉండేది, పక్కన రూపాయలు ఉండేవి. పన్ను ఆరబెట్టారా, ఎన్ని విడతలుగా దట్టించారు అనే వరస ఏ వోచరులోనూ లేదు. నేను కూడా సంతకం పెట్టి పాస్ చేసేవాణ్ణి. వస్తువుకి లెక్క ఉంది, పనికి లెక్క లేదు.

తెల్ల సిమెంటు గడుసుది

1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే పరిశోధకుడు, లోహం మీద రంగు బాగా అంటుకోవడానికి ఫాస్ఫారిక్ ఆసిడ్ పూస్తారని గమనించి, అదే పని పంటి ఎనామిల్ మీద చేసి చూశాడు. ఆసిడ్ పూసి కడిగితే ఎనామిల్ మీద కంటికి కనబడని గరుకు ఏర్పడింది, ప్లాస్టిక్ లాంటి పదార్థం అందులో పట్టుకుంది. 1962లో రాఫెల్ బోవెన్ గాజుపొడి కలిపిన రెజిన్‌కి పేటెంటు పొందాడు. ఆయన పనిచేసింది ఎక్కడనుకున్నారు? 1919లో సైన్యం ఉత్తరం రాసిన ఆ ప్రమాణాల సంస్థలోనే. ఇదే నేటి కాంపొజిట్, అంటే మన తెల్ల సిమెంటు.

ఇది పంటి రంగులో ఉంటుంది, పంటికి అతుక్కుంటుంది, పాదరసం లేదు. అయితే అమాల్గం కన్నా చాలా గడుసుది. ఆసిడ్‌తో గరుకు చేసిన ఎనామిల్ మీద ఉమ్మి కొద్దిగా తగిలినా అందులోని మాంసకృత్తులు పొరలా కప్పేస్తాయి, అతుకు బలహీనమవుతుంది. పైగా నీలి వెలుగులో గట్టిపడేటప్పుడు పదార్థం నూటికి రెండు మూడు వంతులు కుంచించుకుపోతుంది. అలా లాగినప్పుడు పంటి గోడ దగ్గర సందు పడే ప్రమాదం ఉంది. వెలుగు లోతుకి చేరదు కూడా. అందుకే మామూలు కాంపొజిట్‌ని రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ప్రతి పొరనీ విడిగా గట్టిపరచాలి. పళ్ళ మధ్య గుంట అయితే రేకు చుట్టి చీల బిగించాలి, లేకపోతే రెండు పళ్ళ మధ్య ఎడం మిగిలి అన్నం ఇరుక్కుంటుంది.

ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో అంతవరకే చెప్పాలి. పొరల పద్ధతి మాత్రమే సరైనదని ఒట్టేయలేం. నాలుగు మిల్లీమీటర్లు ఒకేసారి వేసేందుకు తయారైన కొత్త రకాలు వచ్చాయి, రోగుల మీద జరిగిన పరీక్షల్లో వాటికీ పొరల పద్ధతికీ పెద్ద తేడా కనబడలేదు. రబ్బరు డ్యామ్ వాడితే ఫిల్లింగులు ఎక్కువ నిలుస్తాయని 2016 నాటి కొక్రేన్ సమీక్ష సూచించింది గానీ, ఆ ఆధారం నాణ్యత తక్కువేనని అదే చెప్పింది.

పాదరసం భయం మీద మాత్రం మంచి ఆధారాలున్నాయి. అమెరికాలో 534 మంది, లిస్బన్‌లో 507 మంది పిల్లల్ని చీటీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి, కొందరికి అమాల్గం, కొందరికి కాంపొజిట్ పెట్టి ఏళ్ళ తరబడి గమనించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. అమాల్గం పిల్లల మూత్రంలో పాదరసం కాస్త ఎక్కువ కనబడింది, తెలివితేటల్లో నాడీ పనితీరులో నష్టం కనబడలేదు. 2007లో లిస్బన్ బృందమే ఇంకో లెక్క ఇచ్చింది. ఏడేళ్ళ తర్వాత అమాల్గం 94.4 శాతం, కాంపొజిట్ 85.5 శాతం నిలిచాయి. 2020లో అమెరికా ఎఫ్.డి.ఏ. గర్భిణులు, ఆరేళ్ళ లోపు పిల్లలు వంటి కొందరికి కొత్తగా అమాల్గం పెట్టకపోవడం మంచిదంటూనే, బాగున్న పాతదాన్ని ఊరికే తీయించుకోవద్దని చెప్పింది. తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది మరి.

ఇంతకీ అమాల్గం వెళ్ళిపోతోంది. పాదరసం మీద మినమాటా ఒప్పందం 2013లో కుదిరింది, మన దేశం 2018లో ఆమోదించింది. యూరోపియన్ యూనియన్ 2025 మొదటి నుంచి దాదాపుగా నిషేధించింది. 2034 నాటికి ప్రపంచమంతా మానేయాలని 2025 నవంబరులో జెనీవాలో సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. దీనికి ముఖ్య కారణం నీళ్ళలోకీ గాలిలోకీ చేరే పాదరసం. మంచి నిర్ణయమే. కానీ దీని అర్థం గమనించండి. చేతి తప్పుని కొంత ఓర్చుకునే వస్తువుని వదిలి, తప్పుని ఓర్చని వస్తువుకి మారుతున్నాం. "ఎలా పెట్టారు" అన్న ప్రశ్నకి విలువ ఇకమీద పెరుగుతుందే గానీ తగ్గదు.

నా పన్ను

1985లో ఢిల్లీలో ఒక ప్రభుత్వ డాక్టరమ్మ నా దవడ పంటికి వెండి సిమెంటు పెట్టారు. చుట్టూ దూది చుట్టలు పెట్టి, తడిసినప్పుడల్లా మార్చి, చిన్న ముద్దలుగా దవడ నొప్పెట్టేలా దట్టించారు. నేను లోపల విసుక్కున్నాను. అది 24 ఏళ్ళు కదల్లేదు.

2009లో ఒక ఈ-మెయిలు వచ్చింది. పాదరసం వల్ల మతిమరుపు వస్తుందని, ఎవరో డాక్టరు పేరుతో. వినాయకుడు పాలు తాగాడంటే నమ్మని నేను దీన్ని నమ్మాను. ఎందుకంటే ఇందులో దేవుడు లేడు, రసాయనం పేరుంది. మా ఆవిడ "బాగానే ఉందిగా, ఎందుకు కదుపుతారు?" అంది. వినలేదు. ఒక ప్రైవేటు క్లినిక్కులో తీయించి తెల్లది పెట్టించాను. పావుగంటలో అయిపోయింది. నోరంతా ఉమ్మి. ఒకే ముద్ద, ఒకసారి వెలుగు. అబ్బ, ఎంత సులువు అనుకున్నాను. రెండేళ్ళకి అంచు లేచింది. మళ్ళీ తొలిచి మళ్ళీ పెట్టారు. తొలిచిన ప్రతిసారీ పన్ను కొంత పోతుంది. 2014లో కింద పుచ్చు ముదిరి, నిలువునా చీలి, తీయించాల్సి వచ్చింది.

ఒక పంటి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. ఆ వెండిది కూడా మర్నాడే విరిగి ఉండేదేమో. కానీ నా తప్పు మాత్రం రుజువైంది. వస్తువు పేరు విని భయపడ్డాను, వస్తువు పేరు విని నమ్మాను. పని ఎలా చేస్తారని ఒక్క ప్రశ్న వేయలేదు. 1840లలో ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం పెట్టిన డాక్టర్లకీ నాకూ తేడా లేదు. మానెడు బియ్యం ఇచ్చిన మా అమ్మకి కనీసం నీళ్ళలో తేలే పురుగులు కనబడ్డాయి. నాకు అదీ లేదు.

ఇదంతా పార్కులో కాకినాడ పెద్దమనిషికి చెప్పి, డాక్టరు దగ్గర నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. ఇప్పుడున్నదానికి అంచు లేచిందా, కింద పుచ్చు ఉందా? లేకపోతే ఎందుకు తీయాలి? తీస్తే, కొత్తది పెట్టేటప్పుడు పన్ను ఎలా పొడిగా ఉంచుతారు? ఎన్ని పొరలుగా వేస్తారు?

ఆయన వారం తర్వాత కనబడ్డారు. డాక్టరు ఎక్స్‌రే తీసి, "బాగానే ఉంది, ముట్టుకోవద్దు" అన్నారట. "మూడు, నాలుగు ప్రశ్నలు అడిగే అవసరం రాలేదండీ" అని నవ్వారు. నవ్వినప్పుడు వెనక దవడలో వెండి సిమెంటు కనబడింది. ఎప్పుడు పెట్టించారని అడిగాను. 1991 అన్నారు.